పాఠం 9 : చిన్న లేత్ మీద బుష్ తయారీ – కొలవడం, కోయడం, కూర్చడం

9.1 పరిచయం

గత పాఠంలో మీరు బెంచి డ్రిల్లు, ఆకురాయి, హాక్సా వంటి పనిముట్ల గురించి తెలుసుకున్నారు. ఇంటి ముందు గదిలోనో, వెనుక రేకుల షెడ్డులోనో ఒక చిన్న లేత్ పెట్టుకుని పనిచేయదలచిన వారికి ఈ పాఠం ఉపయోగపడుతుంది. ఇందులో లేత్ భాగాలన్నింటినీ వరుసగా వర్ణించడం లేదు. ఒకే ఒక పనిని, అంటే ఒక గన్‌మెటల్ బుష్ తయారు చేయడాన్ని, మొదటి నుంచి చివరి వరకు చూద్దాం. కావలసిన విషయాలు ఆ పనిలో భాగంగానే వస్తాయి.

ఈ పాఠం చదివిన తరువాత మీరు

– వెర్నియర్ కాలిపర్‌తోను, మైక్రోమీటర్‌తోను కొలతలు తీయగలుగుతారు.
– షాఫ్టుకు, బుష్‌కు మధ్య ఎంత సందు ఉంచాలో, బుష్‌కు, ఇల్లుకు మధ్య ఎంత బిగువు ఉంచాలో నిర్ణయించగలుగుతారు.
– లేత్ డయలు చూసి కోత లోతును లెక్కించగలుగుతారు.
– ఇంట్లో లేత్ నడిపేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను పాటించగలుగుతారు.

9.2 కిమ్‌లో ఒక సాంచా ఆగిపోయింది

గుజరాత్‌లో సూరత్ నుంచి భరూచ్ వైపు వెళ్ళే రైలు ఎక్కితే సాయణ్ దాటిన తరువాత కిమ్ స్టేషను వస్తుంది. ఇది ఓల్పాడ్ తాలూకాలోని చిన్న పట్టణం. కిమ్ అనే పేరుతోనే ఒక నది కూడా ఉంది. ఈ ప్రాంతమంతా మరమగ్గాల శబ్దంతో నిండి ఉంటుంది. తెలంగాణ జిల్లాల నుంచి నేతపని తెలిసిన కుటుంబాలు ఎన్నో ఏళ్ళుగా సూరత్‌కు, దాని చుట్టుపక్కలకు వలస వచ్చాయి. సిరిసిల్లలో లాగానే ఇక్కడి మనవాళ్ళు కూడా మరమగ్గాన్ని 'సాంచా' అనే అంటారు.

సాంచా నడిపే కార్మికునికి సాధారణంగా నేసిన మీటర్లను బట్టి కూలి ముడుతుంది. సాంచా ఆగితే కూలి ఆగుతుంది. అందుకే చిన్న విడిభాగం పాడైనా అతడు వెంటనే లేత్ ఉన్నచోటికి పరుగెత్తుతాడు. అటువంటి ఒక సంభాషణను ఊహించుకోండి.

"అన్నా, సాంచా బందయింది. ఈ బుష్ పొద్దుమీకి చేసిస్తవా?"

"షాఫ్టు ఏది తమ్మీ? అది పట్టుకొచ్చినవా?"

"బుష్ అరిగింది గదా, షాఫ్టు ఎందుకే?"

"బుష్‌ను అరగదీసింది షాఫ్టే గదా. దాన్ని కొలవకుంట బొక్క ఎంత పెట్టాల్నో నాకెట్ల తెలుస్తది? పోయి షాఫ్టు తే. ఆ బ్రాకెట్ గూడ తే."

లేత్ మనిషి చెప్పిన మాట సబబైనది. తెచ్చిన పాత బుష్ అరిగిపోయింది కాబట్టి దాని లోపలి కొలత మనకు పనికిరాదు. దాన్ని చూసి అదే కొలతతో కొత్తది చేస్తే అరిగిన బుష్‌నే మరొకటి చేసినట్లు అవుతుంది. బుష్ లోపలి వ్యాసాన్ని షాఫ్టు నిర్ణయిస్తుంది. బయటి వ్యాసాన్ని అది కూర్చునే బ్రాకెట్ రంధ్రం నిర్ణయిస్తుంది. ఈ రంధ్రాన్నే పనివాళ్ళు 'ఇల్లు' అని కూడా అంటారు.

సాదా మరమగ్గంలో క్రాంక్ షాఫ్టు ఒక చుట్టు తిరిగితే ఒక పేక పోగు పడుతుంది. దాని కింద ఉండే బాటమ్ షాఫ్టు అందులో సగం వేగంతో తిరుగుతుంది. పోగు వేయడం, కర్రను కొట్టడం, దారాలను ఎత్తి దించడం ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి సరైన క్షణంలో జరగాలి. బుష్ అరిగి షాఫ్టు ఊగితే ఆ క్రమం తప్పుతుంది. మొదట టకటక శబ్దం వస్తుంది, తరువాత పోగులు తెగుతాయి, ఆఖరున పళ్ళ చక్రాలు కూడా చెడతాయి. రేపియర్, వాటర్ జెట్ వంటి కొత్త మగ్గాలు వచ్చినా సాదా సాంచాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి కాబట్టి ఈ పనికి గిరాకీ ఉంది.

9.3 కొలత పనిముట్లు

లేత్ కొనడానికి డబ్బు కూడబెట్టేవారు కొలత పనిముట్ల దగ్గర పొదుపు చేయడం తరచు కనిపిస్తుంది. ఇది సరికాదని మా అభిప్రాయం. పాత లేత్ మీద మంచి మైక్రోమీటర్‌తో పనిచేసే మనిషి, కొత్త లేత్ మీద స్కేలుబద్దతో పనిచేసే మనిషి కన్నా మంచి బుష్ చేస్తాడు.

వెర్నియర్ కాలిపర్ : ఫ్రాన్స్ దేశీయుడైన పియరీ వెర్నియర్ 1631 లో ఈ స్కేలును వివరించాడు కాబట్టి దీనికి ఆ పేరు వచ్చింది. మన పనిలో ఎక్కువగా వాడే కాలిపర్‌లో ప్రధాన స్కేలుపై 49 మి.మీ. పొడవును వెర్నియర్ స్కేలుపై 50 సమభాగాలు చేస్తారు. అంటే ఒక్కొక్క వెర్నియర్ భాగం 0.98 మి.మీ. ఉంటుంది. ప్రధాన స్కేలు భాగానికి, దీనికి తేడా 0.02 మి.మీ. ఇదే కనీసపు కొలత. ప్రధాన స్కేలు 36 మి.మీ. చూపి, వెర్నియర్‌లో 17వ గీత పై గీతతో ఏకీభవిస్తే కొలత 36 + (17 × 0.02) = 36.34 మి.మీ. అవుతుంది.

ఇప్పుడు బజారులో అంకెలు చూపే డిజిటల్ కాలిపర్లు చవకగా దొరుకుతున్నాయి. అవి 0.01 మి.మీ. వరకు అంకె చూపుతాయి. అయితే అంకె చూపడం వేరు, అది నిజం కావడం వేరు. వాటిలో 0.02 లేక 0.03 మి.మీ. తేడా ఉండటం మామూలే. ముడిసరుకు కొలవడానికి, పొడవులకు ఇవి చక్కగా పనికివస్తాయి. బుష్ చివరి కొలతకు మాత్రం మైక్రోమీటరే కావాలి.

మైక్రోమీటర్ : పదో తరగతి లోపు చదివినవారు దీన్ని స్క్రూగేజి పేరుతో చూసి ఉంటారు. ఫ్రాన్స్‌లోనే పామర్ అనే ఆయన 1848 లో చేతితో పట్టుకునే మైక్రోమీటర్‌కు పేటెంటు పొందాడు. అంతకుముందే ఇంగ్లండులో, మరలు కోసే లేత్‌ను మెరుగుపరిచిన హెన్రీ మాడ్‌స్లే తన వర్క్‌షాపులో ఒక బల్ల మైక్రోమీటర్ ఉంచుకున్నాడు. దాన్ని ఆయన 'లార్డ్ ఛాన్సలర్' అనేవాడు. కొలత మీద వివాదం వస్తే ఆఖరి తీర్పు దానిదే కాబట్టి ఆ పేరు పెట్టాడు. మీ షాపులో కూడా ఒక పనిముట్టుకు ఆ హోదా ఉండాలి, దాన్ని ఇతర పనులకు వాడకూడదు.

మైక్రోమీటర్ తల ఒక చుట్టు తిరిగితే మర 0.5 మి.మీ. ముందుకు జరుగుతుంది. తలస్కేలుపై 50 భాగాలుంటాయి. కాబట్టి కనీసపు కొలత 0.5 ÷ 50 = 0.01 మి.మీ. పిచ్ స్కేలు 24.5 మి.మీ. చూపి, తలస్కేలు 47 చూపితే కొలత 24.5 + 0.47 = 24.97 మి.మీ. పిచ్ స్కేలులో కింది వైపున్న అర మిల్లీమీటరు గీతను చూడకపోవడం కొత్తవారు చేసే పెద్ద పొరపాటు. అలా చూడకపోతే 24.97 కాస్తా 24.47 అయిపోతుంది.

కొలిచే ముందు రెండు ముఖాలను శుభ్రమైన కాగితంతో తుడవండి. మూసి చూసినప్పుడు సున్నా రావాలి. సున్నాకు బదులు 0.02 చూపితే ప్రతి కొలత నుంచి 0.02 తీసివేయాలి. దీన్ని శూన్యాంశ దోషం అంటారు. 25–50 మి.మీ. మైక్రోమీటర్ పూర్తిగా మూసుకోదు కాబట్టి దానితో వచ్చే 25 మి.మీ. కడ్డీతో సరిచూడాలి. చివర ఉన్న రాచెట్‌ను మాత్రమే తిప్పండి, రెండు మూడు సార్లు టిక్కుమన్నాక ఆపండి. తలను చేత్తో బిగిస్తే ఎవరి బలానికి తగినట్లు వారికి కొలత వస్తుంది!

మీరు చేసి చూడండి : ఒక పది రూపాయల నాణెం తీసుకోండి. దాని వ్యాసం 27 మి.మీ. మీ ఇంట్లోనో, చదువు కేంద్రంలోనో ముగ్గురు వ్యక్తులు ఒకే కాలిపర్‌తో, ఒకరి కొలత ఒకరికి చెప్పకుండా, నాణేన్ని మూడు దిక్కులలో కొలిచి కాగితం మీద రాయాలి. తొమ్మిది కొలతలను పోల్చండి. తేడాలు నాణెం వల్ల వచ్చాయా, చేతుల వల్ల వచ్చాయా, ఆలోచించండి.

పాఠగత ప్రశ్నలు 9.1

1. ప్రధాన స్కేలు 40 మి.మీ. చూపింది. 0.02 మి.మీ. కనీసపు కొలత గల వెర్నియర్‌లో 8వ గీత ఏకీభవించింది. కొలత ఎంత?
2. మైక్రోమీటర్ మూసినప్పుడు 0.03 చూపింది. ఒక కడ్డీకి 18.46 చూపింది. కడ్డీ నిజమైన వ్యాసం ఎంత?

9.4 ఎంత సందు, ఎంత బిగువు?

ఇప్పుడు మన పనికి వద్దాం. కార్మికుడు షాఫ్టును, బ్రాకెట్‌ను తెచ్చాడు. షాఫ్టును బుష్ తిరిగే చోట, దానికి అటూ ఇటూ, ఒక్కొక్కచోట రెండు దిక్కులలో కొలిచాం. అరగని చోట 24.97 మి.మీ., అరిగిన చోట 24.93 మి.మీ. వచ్చింది. బ్రాకెట్ రంధ్రాన్ని టెలిస్కోపిక్ గేజి పెట్టి, ఆ గేజిని మైక్రోమీటర్‌తో కొలిస్తే 32.01 మి.మీ. వచ్చింది. (ఈ కొలతలు ఉదాహరణకు తీసుకున్నవి. మీ దగ్గరకు వచ్చే మగ్గానివి వేరుగా ఉంటాయి.)

షాఫ్టు బుష్‌లో తిరగాలంటే మధ్య నూనె పొర నిలిచేంత సందు కావాలి. సందు బొత్తిగా లేకపోతే వేడెక్కి పట్టేస్తుంది. ఎక్కువైతే మళ్ళీ టకటకే. మామూలు వేగంతో తిరిగే షాఫ్టులకు వ్యాసంలో సుమారు వెయ్యో వంతు నుంచి రెండు వెయ్యోవంతుల వరకు సందు ఉంచుతారు. 25 మి.మీ. షాఫ్టుకు ఇది 0.025 నుంచి 0.05 మి.మీ. వరకు అవుతుంది. మనిషి తల వెంట్రుక మందం సాధారణంగా 0.05 నుంచి 0.1 మి.మీ. ఉంటుంది. అంటే మనం వెంట్రుకలో సగం గురించి మాట్లాడుతున్నాం.

బుష్ అరగని భాగం మీదుగా జారి తన చోటికి వెళ్ళాలి కాబట్టి పెద్ద కొలత 24.97 నే లెక్కలోకి తీసుకోవాలి. మంచి 25 మి.మీ. రీమర్ కోసిన రంధ్రం 25.00 నుంచి 25.02 వరకు వస్తుంది. అప్పుడు అరగని చోట సందు 0.03 నుంచి 0.05 వరకు ఉంటుంది. ఇది సరిపోతుంది. అరిగిన చోట మాత్రం 0.07 నుంచి 0.09 వరకు ఉంటుంది. నెమ్మదిగా తిరిగే షాఫ్టుకు కొన్నాళ్ళు దీనితో సర్దుకోవచ్చు. కాని ఈ విషయం కార్మికునికి ముందే చెప్పాలి. షాఫ్టు ఇంతకంటే ఎక్కువ అరిగి ఉంటే కొత్త బుష్ వేసి డబ్బు తీసుకోవడం న్యాయం కాదు, షాఫ్టునే మార్చాలి.

బయటివైపు పరిస్థితి దీనికి వ్యతిరేకం. అక్కడ బుష్ కదలకూడదు. అందుకని బుష్‌ను రంధ్రం కంటే కొద్దిగా లావుగా చేసి నొక్కి ఎక్కిస్తారు. 32 మి.మీ. బుష్‌కు 0.02 నుంచి 0.03 మి.మీ. వరకు బిగువు చాలు. ఇల్లు 32.01 ఉంది కాబట్టి బుష్ బయటి వ్యాసం 32.03 నుంచి 32.04 వరకు ఉండాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బుష్‌ను బిగువుగా ఎక్కిస్తే దాని గోడ లోపలికి నొక్కుకుని లోపలి రంధ్రం కూడా చిన్నదవుతుంది. లేత్ మీదే లోపల 25.00 చేసి ఎక్కిస్తే అది 24.98 కి రావచ్చు. అప్పుడు షాఫ్టు దూరినట్లే దూరి పట్టేస్తుంది. కాబట్టి లేత్ మీద 24.88 వరకే బోరింగ్ చేసి ఆపుతాం. బ్రాకెట్‌లో ఎక్కించిన తరువాత చేతి రీమర్‌తో 25 చేస్తాం.

9.5 లేత్ సిద్ధం చేయడం

లేత్ ఎంపిక గురించి ఎక్కువ చెప్పబోవడం లేదు. గుజరాత్‌లో రాజ్‌కోట్ లేత్‌ల తయారీకి పేరుపొందింది. హైదరాబాదులో 1943 లో మొదలైన ప్రాగా టూల్స్ వారి చక్‌లు, బెంగుళూరులో 1953 లో స్థాపించిన హెచ్.ఎం.టి. లేత్‌లు పాత షాపుల్లో ఇంకా కనిపిస్తాయి. పాత లేత్ కొనేటప్పుడు చక్‌ను రెండు చేతులతో పైకి ఎత్తినట్లు ఊపి స్పిండిల్ కదులుతుందేమో డయల్ గేజి పెట్టి చూడండి. చక్ దగ్గర బెడ్ ఎక్కువగా అరిగిందేమో వేలితో తడిమి చూడండి. రంగు కొత్తగా వేసి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడండి.

టూలు మొన స్పిండిల్ కేంద్రం ఎత్తులో ఉండాలి. దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. లేత్ ఆపి ఉంచి, గుండ్రని జాబ్‌కు, టూలు మొనకు మధ్య సన్నని స్టీలు స్కేలును నిలువుగా మెల్లగా నొక్కిపట్టండి. స్కేలు నిట్టనిలువుగా నిలిస్తే ఎత్తు సరిగ్గా ఉంది. స్కేలు పైకొస మీవైపు వాలితే టూలు కిందికి ఉన్నట్లు. పైకొస అవతలివైపు వాలితే టూలు మీదికి ఉన్నట్లు. టూలు కింద రేకు ముక్కలు పెట్టి లేదా తీసి సరిచేయండి.

గన్‌మెటల్ అంటే రాగిలో తగరం, కొంత తుత్తునాగం కలిపిన మిశ్రమలోహం. దీన్ని కోసే టూలు పైముఖం దాదాపు సమతలంగా ఉండాలి. ఉక్కు కోయడానికి వాలుగా నూరిన టూలు పెడితే అది గన్‌మెటల్‌లోకి గుచ్చుకుని జాబ్‌ను లాగేస్తుంది.

వేగం లెక్క ఇలా ఉంటుంది :

నిమిషానికి చుట్లు = కోత వేగం × 1000 ÷ (3.14 × వ్యాసం)

ఇక్కడ కోత వేగం నిమిషానికి మీటర్లలో, వ్యాసం మి.మీ.లో ఉండాలి. హైస్పీడ్ స్టీలు టూలుతో గన్‌మెటల్‌కు నిమిషానికి 30 మీటర్లు తీసుకుందాం. మన ముడిసరుకు వ్యాసం 36 మి.మీ. అప్పుడు 30,000 ÷ 113 = సుమారు 265 చుట్లు. మీ లేత్‌లో సరిగ్గా ఆ వేగం ఉండకపోవచ్చు. దానికి దగ్గరగా ఉన్న తక్కువ వేగం పెట్టండి.

9.6 ఇంట్లో లేత్ : జాగ్రత్తలు

ఫ్యాక్టరీలో లేత్ దగ్గరికి పనివాళ్ళు మాత్రమే వస్తారు. ఇంట్లో అయితే పిల్లలు, టీ తెచ్చే ఇల్లాలు, మాట్లాడటానికి వచ్చిన పొరుగువారు అందరూ వస్తారు. కాబట్టి ఇంటి లేత్‌కు జాగ్రత్త ఎక్కువ కావాలి.

తిరిగే చక్ దేనిని పట్టుకున్నా వదలదు. లుంగీ, పంచె, చీర కొంగు, చున్నీ, పొడుగు చేతుల చొక్కా, మెడలో తువ్వాలు, చేతి దారం, ఉంగరం, గాజులు ఇవేవీ లేత్ దగ్గర ఉండకూడదు. జడను ముడివేసి గుడ్డ కట్టుకోవాలి. చేతులకు గ్లౌజులు తొడుక్కోవడం జాగ్రత్త అనుకుంటారు చాలామంది. లేత్ దగ్గర అది ప్రమాదం. గ్లౌజు కొస చిక్కితే వేళ్ళు కూడా దానితో పోతాయి. కళ్ళకు అద్దాలు మాత్రం తప్పనిసరి, ఎందుకంటే గన్‌మెటల్ పొట్టు సన్నని సూదుల్లాగా ఎగురుతుంది.

చక్ తాళాన్ని బిగించిన వెంటనే చేతితో తీసేయాలి. చక్‌లో వదిలి స్విచ్ వేస్తే అది రాయిలా ఎగిరి వస్తుంది. తాళం చేతిలో ఉన్నంతసేపు చక్‌లో ఉండాలి, లేకపోతే బల్లమీద దాని చోట ఉండాలి. మూడో చోటు లేదు.

కరెంటు సంగతి చూద్దాం. మామూలు స్విచ్‌తో నడిచే లేత్ కరెంటు పోయినప్పుడు ఆగి, వచ్చినప్పుడు తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది. అప్పటికి మీ చేయి చక్ మీద ఉండవచ్చు. కరెంటు పోగానే స్విచ్ ఆపడం అలవాటు చేసుకోండి. ఇంకా మంచిది, నోవోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టర్ పెట్టించడం. అది ఉంటే మళ్ళీ పచ్చ బొత్తాం నొక్కితేనే మోటారు తిరుగుతుంది. లేత్ శరీరానికి ఎర్తింగ్ ఉండాలి. అద్దె ఇల్లయితే గోడలోని మూడో రంధ్రానికి నిజంగా ఎర్త్ తీగ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. పని అయ్యాక గదికి తాళం వేయండి.

లేత్ తిరుగుతున్నప్పుడు కొలవకూడదు, పొట్టును చేత్తో తీయకూడదు, జాబ్‌ను వేలితో తడమకూడదు.

9.7 కోత

గన్‌మెటల్ కడ్డీని మూడు దవడల చక్‌లో బిగించి 50 మి.మీ. వరకు బయటికి ఉంచుతాం. బుష్ పొడవు 40 మి.మీ. అనుకుందాం. బయటి వ్యాసం, లోపలి రంధ్రం రెండింటినీ జాబ్‌ను విప్పకుండా ఒకే బిగింపులో పూర్తి చేయాలి. దీనికి కారణం ఉంది. పాతబడిన మూడు దవడల చక్‌లో జాబ్‌ను విప్పి మళ్ళీ బిగిస్తే కేంద్రం తప్పుతుంది. అప్పుడు బుష్ గోడ ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా వస్తుంది. విప్పక తప్పకపోతే నాలుగు దవడల చక్ వాడి డయల్ గేజితో సరిచేయాలి. గేజి ముల్లు ఒక చుట్టులో 0.20 మి.మీ. ఊగితే కేంద్రం అందులో సగం, అంటే 0.10 మి.మీ. తప్పిందని అర్థం.

ముందుగా ముఖాన్ని ఫేసింగ్ చేసి, సెంటర్ డ్రిల్లు వేసి, విడతలు విడతలుగా డ్రిల్లు చేసి, బోరింగ్ టూలుతో 24.88 వరకు తెస్తాం. బోరింగ్ టూలు రంధ్రంలో పట్టినంత లావుగా, అవసరమైనంత పొట్టిగా ఉండాలి. సన్నని పొడుగాటి టూలు కోత బరువుకు వంగుతుంది. చివరి కోత తరువాత డయలు కదపకుండా అదే దారిలో మరొకసారి నడిపితే, వంగిన టూలు వదిలిపెట్టిన లోహం కొంత వస్తుంది.

తరువాత బయటి వ్యాసం. ఇక్కడే లెక్క తప్పుతుంది కాబట్టి నెమ్మదిగా చదవండి. టూలు 0.1 మి.మీ. లోపలికి వెళితే జాబ్‌కు అటు 0.1, ఇటు 0.1 తగ్గుతుంది. అంటే వ్యాసం 0.2 మి.మీ. తగ్గుతుంది. కొన్ని లేత్‌ల డయలు వ్యాసాన్నే చూపుతుంది. మీది ఏ రకమో ఒక వ్యర్థపు ముక్కమీద కోసి ముందే తెలుసుకోండి. మన లేత్ డయలు లోతును చూపుతుందని, ఒక్కొక్క గీత 0.02 మి.మీ. అని అనుకుందాం.

కొలిస్తే 32.43 వచ్చింది. కావలసింది 32.03. వ్యాసంలో తీయవలసింది 0.40, డయలు మీద 0.20, అంటే 10 గీతలు. పది గీతలూ ఒకేసారి తిప్పరాదు. 7 గీతలు తిప్పాం. వ్యాసం 0.28 తగ్గి 32.15 రావాలి. ఆపి కొలిస్తే 32.17 వచ్చింది. ఆ 0.02 తేడా టూలు వంగడం వల్ల రావచ్చు, మరలోని ఆట వల్ల రావచ్చు. కాబట్టి ఇక పాత లెక్క వదిలి, 32.17 నుంచి కొత్తగా లెక్క మొదలుపెట్టాలి. మిగిలింది 0.14. ఇప్పుడు 3 గీతలు తిప్పితే 0.12 తగ్గి 32.05 వస్తుంది. కొలిచాం, 32.05 వచ్చింది.

ఇంకా 0.02 తీయాలి, అంటే డయలు మీద అర గీత. అర గీతను కంటితో అంచనా వేయడం కన్నా మంచి ఉపాయం ఉంది. ఈ పని మొదలుపెట్టే ముందే పై స్లైడును బెడ్‌కు సుమారు 5¾ డిగ్రీల కోణంలో తిప్పి ఉంచితే, ఆ స్లైడు 0.1 మి.మీ. నడిచినప్పుడు టూలు లోపలికి 0.01 మి.మీ. మాత్రమే జరుగుతుంది. పెద్ద కదలికతో చిన్న కోత వస్తుంది. పాత టర్నర్లకు ఇది బాగా తెలిసిన కిటుకు.

హ్యాండిల్‌ను ఎప్పుడూ ఒకే దిక్కుగా తిప్పి గీతకు చేరాలి. గీత దాటితే కొద్దిగా వెనక్కి తిప్పి సరిపెట్టకండి, పూర్తిగా అర చుట్టు వెనక్కి పోయి మళ్ళీ ముందుకు రండి. మరలోని ఆట ఒకే వైపు ఉంటుంది.

వేడి జాబ్ : ఈ పాఠం రాసే ముందు నేను కూడా ఒక శిక్షణ షెడ్డులో బుష్ చేసి చూశాను. మే నెల, మధ్యాహ్నం. ఆఖరి కోత అవగానే ఆత్రంగా మైక్రోమీటర్ పెట్టాను. సరిగ్గా 32.03 వచ్చింది. సంతోషంతో కోసి తీసి పక్కన పెట్టాను. టీ తాగి వచ్చి బ్రాకెట్‌లో పెడితే ఆ బుష్ బొటనవేలితో నొక్కగానే దూరిపోయింది. అక్కడున్న పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు. లెక్క వేశాక నాకు కారణం తెలిసింది. గన్‌మెటల్ దైర్ఘ్య వ్యాకోచ గుణకం డిగ్రీకి సుమారు 0.000018. జాబ్ గది కంటే 30 డిగ్రీలు వేడిగా ఉంటే వ్యాకోచం 32 × 0.000018 × 30 = 0.017 మి.మీ. అంటే చల్లారాక నా బుష్ 32.013 మాత్రమే. ఇల్లు 32.01. బిగువు మొత్తం టీ తాగేలోపు ఆవిరైపోయింది. అటువంటి బుష్ మగ్గంలో వేస్తే షాఫ్టుతో పాటు తానూ తిరిగి బ్రాకెట్‌ను కూడా తినేస్తుంది. చివరి కోతకు ముందు జాబ్‌ను చల్లారనివ్వండి. చేత్తో తాకితే చుట్టుపక్కల ఇనుములాగే అనిపించాలి (లేత్ ఆపాకే సుమా).

పాఠగత ప్రశ్నలు 9.2

3. జాబ్ వ్యాసం 28.60 మి.మీ. కావలసింది 28.00. డయలు లోతును చూపుతుంది, ఒక గీత 0.05 మి.మీ. మొత్తం ఎన్ని గీతలు కోయాలి?
4. 25 మి.మీ. మెత్తని ఉక్కు కడ్డీని నిమిషానికి 25 మీటర్ల కోత వేగంతో తిప్పాలంటే నిమిషానికి ఎన్ని చుట్లు ఉండాలి?

9.8 కూర్చడం

బుష్ బయటి అంచును కొద్దిగా వాలుగా కోస్తే ఇంట్లోకి సూటిగా దూరుతుంది. తరువాత వేగం తగ్గించి పార్టింగ్ టూలుతో కోయాలి. విడిపోతున్న బుష్‌ను చేత్తో పట్టుకోవద్దు, కింద ట్రేలో గుడ్డ పరిచి పడనివ్వండి.

ఎక్కించడానికి సుత్తి వాడేవారున్నారు. సుత్తి దెబ్బకు బుష్ ఒరిగి, అంచు నలిగి, పోత ఇనుము బ్రాకెట్ పగలవచ్చు. బలమైన పొడుగు బోల్టు, నట్టు, రెండు మందమైన వాషర్లు ఉంటే చాలు. బోల్టును బుష్, బ్రాకెట్ రెండింటి గుండా దూర్చి నట్టును మెల్లగా బిగిస్తూ పోతే బుష్ సూటిగా లోపలికి లాగబడుతుంది. బుష్‌కు నూనె రాయండి. పావు వంతు వెళ్ళాక ఆపి ఒరిగిందేమో చూడండి.

తరువాత బ్రాకెట్‌లోని నూనె రంధ్రం గుండా బుష్‌కు రంధ్రం వేయాలి. రీమర్ పని ఆ తరువాతే, ఎందుకంటే డ్రిల్లు వదిలే చిగురును రీమర్ శుభ్రం చేస్తుంది. ఎక్కించాక లోపల సుమారు 24.86 ఉంటుంది. చేతి రీమర్ తీయవలసింది 0.14 మి.మీ. మాత్రమే. రీమర్‌ను రెంచితో ఒకే దిక్కుగా తిప్పుతూ లోపలికి పంపండి. బయటికి తీసేటప్పుడు కూడా అదే దిక్కుగా తిప్పాలి. వెనక్కి తిప్పితే పొట్టు ఇరుక్కుని రీమర్ అంచు పోతుంది, రంధ్రం గీతలు పడుతుంది.

శుభ్రం చేసి, నూనె వేసి షాఫ్టును దూర్చండి. వేళ్ళతో తిప్పితే తేలికగా తిరగాలి. పక్కకు ఊపితే చేతికి ఊగు తెలియకూడదు. మగ్గంలో బిగించాక అరగంట నడిపి, ఆపి, బ్రాకెట్‌ను తాకి చూడమని కార్మికునికి చెప్పండి. వెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే నూనె అందడం లేదు, లేదా రెండు వైపుల బ్రాకెట్లు ఒకే గీతలో లేవు. రెండోది బుష్ తప్పు కాదు, కాని వెళ్ళి చూడవలసింది మీరే.

బుష్ కొలతలను, తేదీని, షాఫ్టు కొలతలను ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి. అదే సాంచా మళ్ళీ ఎన్నాళ్ళకు వచ్చిందో చూస్తే మీ సందు లెక్క సరైనదో కాదో ఆ పుస్తకమే చెబుతుంది. ఈ పని పూర్తిగా నేర్చుకోదలచినవారికి ఐ.టి.ఐ.లలో టర్నర్ ట్రేడు రెండేళ్ళ శిక్షణగా ఉంది.

9.9 పాఠాంత ప్రశ్నలు

1. అరిగిన పాత బుష్ లోపలి కొలతను చూసి కొత్త బుష్ ఎందుకు చేయకూడదు?
2. బుష్ లోపలి రంధ్రాన్ని బ్రాకెట్‌లో ఎక్కించిన తరువాతే చివరి కొలతకు తేవడానికి కారణం వివరించండి.
3. ఒక షాఫ్టు అరగని చోట 29.96, అరిగిన చోట 29.70 మి.మీ. ఉంది. మీ దగ్గరికి వచ్చిన వ్యక్తి బుష్ ఒక్కటి మార్చమంటున్నాడు. మీరు అతనికి ఏమి చెబుతారు? అతని మాటల్లో, మీ మాటల్లో ఐదారు వాక్యాల సంభాషణ రాయండి.
4. ఇంట్లో లేత్ ఉన్నప్పుడు కరెంటు పోతే ఏమి చేయాలి? ఎందుకు?
5. 40 మి.మీ. గన్‌మెటల్ బుష్ గది కంటే 25 డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడు 40.03 మి.మీ. కొలిచారు. చల్లారాక దాని వ్యాసం ఎంత ఉంటుంది?

9.10 జవాబులు

పాఠగత ప్రశ్నలు 9.1 : 1. 40.16 మి.మీ. 2. 18.43 మి.మీ.

పాఠగత ప్రశ్నలు 9.2 : 3. వ్యాసంలో 0.60, లోతులో 0.30; 6 గీతలు (ఒకేసారి కాదు). 4. 25,000 ÷ 78.5 = సుమారు 318 చుట్లు.

పాఠాంత ప్రశ్న 5 : 40 × 0.000018 × 25 = 0.018 మి.మీ. కాబట్టి 40.012 మి.మీ. మిగిలిన ప్రశ్నలకు జవాబులను 9.2, 9.4, 9.6 భాగాలలో వెతికి మీ మాటల్లో రాసి, చదువు కేంద్రంలోని అధ్యాపకునికి చూపండి.